ఏ కమిట్‌తో కట్టారు? ఎంబెడెడ్ లినక్స్ బిల్డ్‌లో రిపోజిటరీల లెక్క

2022 మార్చి 15న, కోడ్ రిపోజిటరీలను దాచిపెట్టే సైట్ గిట్‌హబ్, ఎన్‌క్రిప్షన్ లేని పాత గిట్ ప్రోటోకాల్‌ను శాశ్వతంగా ఆపేసింది. ఈ సంగతి ఆరు నెలల ముందే, 2021 సెప్టెంబరులోనే ప్రకటించింది. జనవరి 11న కాసేపు ఆపి చూపించింది కూడా. అయినా ఆ మార్చిలో ఎన్నో యోక్టో (పరికరాలకు సొంత లినక్స్ కట్టుకునే ప్రాజెక్టు) బిల్డ్‌లు ఫెచ్, అంటే కోడ్ తెచ్చుకునే దశలోనే పడిపోయాయి. కారణం చిన్నదే. రెసిపీలో, అంటే ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడినుంచి తెచ్చి ఎలా కట్టాలో చెప్పే ఫైల్‌లో, గిట్ అడ్రస్ రాసి, ప్రోటోకాల్ ఏదో విడిగా చెప్పకపోతే, బిల్డ్ నడిపే టూల్ బిట్‌బేక్ ఆ పాత ప్రోటోకాల్‌నే వాడేది. అడ్రస్ చివర హెచ్‌టీటీపీఎస్ అని చేర్చితే పని అయిపోతుంది. దానికోసం, యోక్టోకు మూల రెసిపీలు ఇచ్చే ఓపెన్‌ఎంబెడెడ్ వాళ్లు ఒక స్క్రిప్టు కూడా ఇచ్చారు.

అంత తేలికైన పని చాలా టీముల్లో రోజుల తరబడి ఎందుకు సాగిందంటే, ఆ అడ్రస్‌లు వాళ్ల సొంత కోడ్‌లో లేవు. కొన్ని చిప్ కంపెనీ ఇచ్చిన లేయర్లలో (రెసిపీల రిపోజిటరీల్లో) ఉన్నాయి. కొన్ని ఎప్పుడో ఎవరో క్లోన్ చేసి, రెండు ప్యాచ్‌లు వేసి వదిలేసిన లేయర్లలో ఉన్నాయి. ఏ లేయర్ ఏ కమిట్ (కోడ్ చరిత్రలో నమోదైన ఒక మార్పు) దగ్గర ఉందో, దాని మీద లోకల్ మార్పులేమైనా ఉన్నాయో, దాన్ని ముందుకు జరిపితే ఇంకేం కదులుతుందో తెలియకపోతే ఒక్క పదం చేర్చడానికి కూడా టెన్షనే.

ఈ విషయం మీద చర్చ మొదలవగానే టూల్స్ దగ్గరికి పోతుంది. సబ్‌మాడ్యూల్సా, గూగుల్ వారి రెపోనా, కాస్‌నా? ఆ ఎంపికకూ విలువ ఉంది, కానీ దానికి ముందు రెండు ప్రశ్నలున్నాయి. మార్కెట్లోకి వెళ్లిన ఇమేజ్‌ను (పరికరంలో వేసే పూర్తి సాఫ్ట్‌వేర్‌ను) ఏయే కమిట్లతో కట్టామో ఎక్కడ రాసి ఉంది? ఆ కమిట్లు ఐదేళ్ల తర్వాత దొరుకుతాయా? ఈ రెంటికీ జవాబున్న టీమ్ ఏ టూల్ వాడినా బతికేస్తుంది.

బిట్‌బేక్‌కు ముందు, బిట్‌బేక్ తర్వాత

ఎన్‌ఎక్స్‌పీ వారి ఐ.ఎమ్‌ఎక్స్ 8 చిప్ మీద ఒక ఫ్యాక్టరీ గేట్‌వే తయారవుతోందనుకుందాం. బిల్డ్ మొదలవ్వాలంటే డిస్క్ మీద ముందుగా కొన్ని రిపోజిటరీలు ఉండాలి: బిట్‌బేక్, ఓపెన్‌ఎంబెడెడ్-కోర్, మెటా-ఓపెన్‌ఎంబెడెడ్, మెటా-ఫ్రీస్కేల్, ఎన్‌ఎక్స్‌పీ వారి మెటా-ఐఎమ్‌ఎక్స్, చివరగా కంపెనీ సొంత లేయర్. డాకర్ కావాలంటే మెటా-వర్చువలైజేషన్, క్యూటీ స్క్రీన్ ఉంటే మెటా-క్యూటీ6. మామూలుగా ఇవి ఆరు నుంచి పదిహేను దాకా ఉంటాయి. వీటిలో ఉండేది రెసిపీలు, క్లాసులు, కాన్ఫిగరేషన్. వీటిని తెచ్చిపెట్టే బాధ్యత బిట్‌బేక్‌ది కాదు.

రెండో రకం బిట్‌బేక్ నడవడం మొదలుపెట్టాక వస్తుంది. కెర్నల్, బూట్‌లోడర్ యూ-బూట్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, బిజీబాక్స్, కంపెనీ సొంత అప్లికేషన్లు. వీటి అడ్రస్ రెసిపీలోని ఎస్‌ఆర్‌సీ-యూఆర్‌ఐలో ఉంటుంది, కమిట్ హ్యాష్ (ఒక్క కమిట్‌నే గుర్తించే పొడవైన కోడ్) ఎస్‌ఆర్‌సీరెవ్‌లో ఉంటుంది. టార్‌బాల్ (కుదించిన కోడ్ మూట) అయితే దాని చెక్‌సమ్, అంటే ఫైలు మారిందో లేదో చెప్పే అంకె. చిన్న ఇమేజ్‌కు కూడా ఇవి వందల్లో ఉంటాయి.

చాలామంది తడబడేది ఈ రెంటి మధ్య సంబంధం దగ్గర. కెర్నల్ కమిట్ హ్యాష్ రాసి ఉండేది చిప్ కంపెనీ లేయర్లోని రెసిపీలో. కాబట్టి లేయర్‌ను కదిపితే కెర్నల్ కదులుతుంది. "మేం కెర్నల్ ముట్టుకోలేదు, లేయర్ పుల్ చేశామంతే" అనే మాట వినిపించినప్పుడల్లా జరిగింది అదే. వైఫై డ్రైవర్ నిన్న పనిచేసి ఇవాళ పనిచేయకపోతే డ్రైవర్ కోడ్ తవ్వడం మొదలుపెట్టే ముందు లేయర్ల కమిట్లు చూడాలి. బిట్‌బేక్ ప్రతి బిల్డ్ మొదట్లో ఒక చిన్న పట్టీ ప్రింట్ చేస్తుంది, అందులో ఒక్కో లేయర్ బ్రాంచ్, కమిట్ హ్యాష్ ఉంటాయి. సీఐ (ప్రతి మార్పునూ తనంతట తానే కట్టి పరీక్షించే వ్యవస్థ) లాగ్‌లో అందరి కళ్ల ముందే ఉండే ఈ పట్టీని చదివేవాళ్లు తక్కువ.

ఈ విభజన మొదటినుంచీ ఇలా లేదు. 2003లో మొదలైన ఓపెన్‌ఎంబెడెడ్‌లో వేల రెసిపీలు ఒకే రిపోజిటరీలో ఉండేవి. ఎవరి బోర్డు కోసం వాళ్లు చేసిన మార్పులు మిగతావాళ్ల బిల్డ్‌లను పడగొట్టేవి. 2010లో లినక్స్ ఫౌండేషన్ యోక్టో ప్రాజెక్టు ప్రకటించాక, 2011లో అందరికీ కావాల్సిన మూల రెసిపీలను ఓపెన్‌ఎంబెడెడ్-కోర్‌గా వేరుచేసి, మిగతావాటిని లేయర్లుగా విడదీశారు. నాణ్యత పెరిగింది. దాంతోపాటు ఏ లేయర్ ఏ లేయర్‌తో కుదురుతుందో చూసుకునే భారం వాడుకునేవాళ్ల మీద పడింది. ఇవాళ్టి తలనొప్పి అంతా అప్పటి ఆ సరైన నిర్ణయం తెచ్చిందే.

లేయర్లను తెచ్చే దారులు

అన్నిటికంటే పాత పద్ధతి రీడ్‌మీ ఫైల్‌లో గిట్ క్లోన్ కమాండ్లు రాసిపెట్టడం. కాస్త ముందుకెళ్తే వాటినే ఒక షెల్ స్క్రిప్టుగా చేయడం. ఇద్దరే ఉన్న టీమ్‌లో ఇది నడుస్తుంది. మూడో మనిషి చేరేసరికి ఆ స్క్రిప్టులో "ఫోల్డర్ ముందే ఉంటే ఏం చేయాలి", "లోకల్ మార్పులుంటే ఏం చేయాలి" అనే షరతులు పెరుగుతూ పోతాయి. చూస్తుండగానే అది రెపో టూల్‌కి ఒక నాసిరకం నకలుగా తయారవుతుంది.

గిట్ సబ్‌మాడ్యూల్స్‌కు పేరు బాగాలేదు గానీ, ఈ పనికి అవసరమైన ఒక గుణం వాటికి పుట్టుకతోనే ఉంది. పై రిపోజిటరీ సబ్‌మాడ్యూల్ కమిట్ హ్యాష్‌నే దాచుకుంటుంది. వేరే దారి లేదు, అందుకే పిన్ చేయడం (ఒకే కమిట్‌కు బిగించడం) మర్చిపోయే అవకాశమే లేదు. ఇబ్బందులు రోజువారీ పనిలో వస్తాయి. డిఫ్‌లో పాత హ్యాష్, కొత్త హ్యాష్ తప్ప ఇంకేమీ కనబడదు. లోపలి కమిట్‌ను పుష్ చేయడం మరిచి పై రిపోజిటరీని పుష్ చేస్తే మిగతా అందరికీ బిల్డ్ ఆగిపోతుంది. ఇద్దరు ఒకే సబ్‌మాడ్యూల్‌ను ముందుకు జరిపితే రెండు హ్యాష్‌ల మధ్య కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, దాన్ని చదివి అర్థం చేసుకోవడానికి ఏమీ ఉండదు. ఐదారు లేయర్లు ఉండి, వాటిని నెలకోసారి మాత్రమే కదిపే టీమ్‌కు సబ్‌మాడ్యూల్స్ చాలు. జనం వాటిని తిట్టేది ఎక్కువగా రోజూ మారే సొంత కోడ్‌ను కూడా వాటిలోనే పెట్టినందుకు.

రెపో టూల్ 2008లో ఆండ్రాయిడ్‌తో పాటు బయటికొచ్చింది. వందల గిట్ రిపోజిటరీలను ఒకే సోర్స్ ట్రీలా చూపించడం దాని పని. ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ మానిఫెస్ట్‌లో ఏ సర్వర్ నుంచి, ఏ ప్రాజెక్టును, ఏ రివిజన్ దగ్గర, ఏ ఫోల్డర్‌లోకి తేవాలో రాస్తారు. ఎన్‌ఎక్స్‌పీ తన ఐ.ఎమ్‌ఎక్స్ రిలీజులను ఇలాగే ఇస్తుంది. ఏఎండీ కొనుక్కున్న జైలింక్స్ చిప్‌ల యోక్టో కోడ్‌కూ మానిఫెస్టే, ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్‌కూ మానిఫెస్టే. హైదరాబాద్‌లోని చిప్ కంపెనీల ఆఫీసుల్లో యోక్టో పని చేసే ఇంజినీర్లకు "రెపో సింక్ పెట్టి టీకి వెళ్లొద్దాం" అనేది రోజూ వినే మాటే.

ఈ టూల్‌లో ఒక మెలిక ఉంది. మానిఫెస్ట్‌లోని రివిజన్ స్థానంలో బ్రాంచ్ పేరు రాయవచ్చు, ట్యాగ్ రాయవచ్చు, కమిట్ హ్యాష్ రాయవచ్చు. మూడింటినీ టూల్ ఒకేలా తీసుకుంటుంది. చిప్ కంపెనీ విడుదల మానిఫెస్ట్‌లలో సాధారణంగా హ్యాష్‌లుంటాయి. దాన్ని కాపీ చేసి కంపెనీలో మార్చుకున్నదాంట్లో మాత్రం సొంత లేయర్‌కు బ్రాంచ్ పేరు ఉంటుంది. బ్రాంచ్ పేరు చెప్పడం "సర్పంచ్ గారిని అడగండి" అనడం లాంటిది; ఎన్నికలైతే అదే మాట ఇంకో మనిషిని చూపిస్తుంది. డెవలప్‌మెంట్ మానిఫెస్ట్‌లో బ్రాంచ్ ఉండటం తప్పేమీ కాదు, రోజూ పని చేసేవాళ్లకు అదే సౌకర్యం. కానీ రిలీజ్ కట్టిన క్షణంలో "రెపో మానిఫెస్ట్" కమాండ్‌ను ఆర్ ఆప్షన్‌తో నడిపితే ఆ ట్రీలో నిజంగా ఉన్న హ్యాష్‌లన్నీ వేసిన కొత్త మానిఫెస్ట్ వస్తుంది. దాన్ని మానిఫెస్ట్ రిపోజిటరీలో కమిట్ చేసి ట్యాగ్ వేయాలి. బిల్డ్ సర్వర్‌లో ఏదో ఫోల్డర్‌లో వదిలేసిన ఫైలు ఎవరికీ పనికిరాదు.

రెపోతో కొత్తవాళ్లకు ఎదురయ్యే ఇంకో సంగతి: సింక్ చేసిన ప్రాజెక్టులేవీ బ్రాంచ్ మీద ఉండవు, డిటాచ్డ్ హెడ్‌లో ఉంటాయి. "రెపో స్టార్ట్"తో బ్రాంచ్ తెరవకుండా కమిట్లు చేసేసి, తర్వాత సింక్ కొడితే ఆ కమిట్లు ఏ బ్రాంచ్‌లోనూ కనబడవు. గిట్ లోకల్‌గా ఉంచుకునే చిట్టా రిఫ్‌లాగ్‌లో దొరుకుతాయి, పోవు. కానీ ఆ మాట తెలిసేలోపు గుండె జారుతుంది.

రెపో వదిలేసే పని ఒకటుంది. లేయర్లను ఫోల్డర్లలో పెట్టడం వరకే దాని బాధ్యత. వాటిలో ఏవి బిల్డ్‌లో పాల్గొంటాయో చెప్పే బీబీ-లేయర్స్ ఫైలు, మెషీన్, డిస్ట్రో వివరాలుండే లోకల్ కాన్ఫ్ ఫైలు బిల్డ్ ఫోల్డర్‌లోనే పుడతాయి. ఆ ఫోల్డర్ గిట్‌లో ఉండదు. అంటే లేయర్ల హ్యాష్‌లన్నీ భద్రంగా ఉన్నా, ఒక డెవలపర్ తన లోకల్ కాన్ఫ్‌లో చేర్చుకున్న ఒక్క లైను వల్ల ఇమేజ్ వేరుగా రావచ్చు. ఈ ఖాళీని పూరించేది కాస్. సీమెన్స్ ఇంజినీర్లు రాసిన ఈ పైథాన్ టూల్ ఒక యామల్ ఫైల్ చదివి లేయర్లను తెస్తుంది, వాటి మీద ప్యాచ్‌లుంటే వేస్తుంది, పై రెండు కాన్ఫిగరేషన్ ఫైళ్లనూ తనే పుట్టిస్తుంది, కావాలంటే కంటైనర్ లోపల బిల్డ్ కూడా నడుపుతుంది. యామల్‌లో బ్రాంచ్ పేర్లు రాసుకుని, హ్యాష్‌లను విడిగా ఒక లాక్ ఫైల్‌లో పెట్టవచ్చు. ఎన్‌పీఎమ్, కార్గో వాడిన వాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. "ఏ దారిన వెళ్తున్నాం" అన్నది ఒక ఫైల్‌లో, "ఇప్పుడు ఎక్కడున్నాం" అన్నది ఇంకో ఫైల్‌లో ఉండటం వల్ల అప్‌డేట్ రివ్యూ చేయడం సులువవుతుంది.

యోక్టో ప్రాజెక్టు కూడా ఇన్నాళ్లకు తన సొంత జవాబుతో వచ్చింది. పోకీ అనే రిపోజిటరీ నిజానికి ప్రధానంగా బిట్‌బేక్, ఓపెన్‌ఎంబెడెడ్-కోర్, మెటా-యోక్టో అనే మూడింటిని ఒక స్క్రిప్టుతో అతికించిన కలగలుపు. 5.3 రిలీజ్ నుంచి దాన్ని ముందుకు తీసుకెళ్లడం ఆపి, ఆ మూడింటినీ విడివిడిగా తెచ్చుకోమంటున్నారు. దానికి బిట్‌బేక్‌లోనే బిట్‌బేక్-సెటప్ అనే కమాండ్ చేర్చారు. పాత ట్యుటోరియల్ చూసి పోకీ క్లోన్ చేసే అలవాటు ఉన్నవాళ్లు ఇది గమనించాలి.

కొత్తగా మొదలుపెట్టే చిన్న, మధ్యస్థ టీమ్‌కు కాస్ మంచి ఎంపిక. చిప్ కంపెనీ మానిఫెస్ట్‌తోనే ఇస్తే, కోడ్ రివ్యూ టూల్ గెరిట్‌లో పని చేస్తుంటే రెపోలోనే ఉండటం మేలు. ఉన్నదాన్ని మార్చడానికే మూడు నెలలు పెట్టడం మాత్రం వృథా.

రెసిపీ లోపలి హ్యాష్

రెండో రకం రిపోజిటరీలకు నియమం ఒకటే: ఎస్‌ఆర్‌సీరెవ్‌లో పూర్తి కమిట్ హ్యాష్ ఉండాలి. ట్యాగ్ పేరు రాస్తే సరిపోదా అనిపిస్తుంది. ట్యాగ్‌ను ఎవరైనా జరపవచ్చు, అది ఒక సమస్య. ఇంకోటి, ఆ పేరును హ్యాష్‌గా మార్చుకోవడానికి బిట్‌బేక్ రెసిపీ చదివిన ప్రతిసారీ సర్వర్‌ను అడగాలి. నెట్‌వర్క్ లేకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది.

ఆటోరెవ్ మీద పెద్ద వాదనలు జరుగుతుంటాయి. ఎస్‌ఆర్‌సీరెవ్‌లో హ్యాష్ బదులు ఆటోరెవ్ అని పెడితే, బ్రాంచ్‌లో అప్పటికి చివర ఉన్న కమిట్‌ను తెచ్చుకుంటుంది. డెవలపర్లకు ఇది వరం: అప్లికేషన్ పుష్ చేస్తే చాలు, రాత్రి బిల్డ్‌లో వచ్చేస్తుంది. ప్రమాదం ఏమిటంటే అదే రెసిపీ రిలీజ్ బ్రాంచ్‌లోకి జారుకుంటుంది. ఆరు నెలల తర్వాత కస్టమర్ దగ్గర బగ్ దొరికి అదే ఇమేజ్ మళ్లీ కట్టబోతే, లేయర్లన్నీ పాతవే వస్తాయి, అప్లికేషన్ మాత్రం ఇవాళ్టిది వస్తుంది. బిల్డ్‌హిస్టరీ క్లాస్ ఆన్‌లో ఉంటే ప్రతి బిల్డ్‌లో నిజంగా వాడిన హ్యాష్‌లను అది రాసిపెడుతుంది. వాటిని ఒకచోట పోగేసి ఇచ్చే చిన్న స్క్రిప్టు కూడా ఉంది. ఆటోరెవ్ వాడి తీరాల్సిందే అనుకునే టీమ్ కనీసం అది పెట్టుకోవాలి.

ఇంతకంటే శుభ్రమైన దారి ఓపెన్‌బీఎంసీలో కనిపిస్తుంది. డేటా సెంటర్ సర్వర్ బోర్డుల మీద ఉండే మేనేజ్‌మెంట్ చిప్‌ల కోసం ఉన్న ఈ లినక్స్ ఫౌండేషన్ ప్రాజెక్టులో అప్లికేషన్లు పదుల కొద్దీ విడి రిపోజిటరీల్లో ఉంటాయి. ఏ అప్లికేషన్‌లోనైనా కోడ్ మెర్జ్ అయితే, ప్రధాన రిపోజిటరీలో దాని రెసిపీ హ్యాష్‌ను మార్చే కమిట్‌ను ఒక బాట్ తయారుచేస్తుంది. అది సీఐలో పాసైతే లోపలికి వస్తుంది. డెవలపర్‌కు చేతిపని లేదు, కానీ ప్రతి మార్పుకూ చరిత్రలో ఒక కమిట్ ఉంది. బగ్ ఏ రోజు వచ్చిందో బైసెక్ట్ చేసి, అంటే చరిత్రను సగం సగం చేస్తూ వెతికి, పట్టుకోవచ్చు. ఆటోరెవ్‌తో ఆ వీలు ఉండదు, ఎందుకంటే బైసెక్ట్ చేయడానికి అసలు చరిత్రే లేదు. ఇలాంటి బాట్ రాయడానికి వంద లైన్ల స్క్రిప్టు కూడా అక్కర్లేదు.

ఫోర్స్ పుష్ (సర్వర్‌లోని బ్రాంచ్ చరిత్రను తిరగరాయడం) గురించి కూడా చెప్పుకోవాలి. కెర్నల్ టీమ్ తన ప్యాచ్‌లను కొత్త స్టేబుల్ వెర్షన్ మీదికి రీబేస్ చేసి (మళ్లీ పేర్చి) అదే బ్రాంచ్‌లోకి ఫోర్స్ పుష్ చేస్తే, పాత రెసిపీలోని హ్యాష్ ఇక ఆ బ్రాంచ్‌లో ఉండదు. బిట్‌బేక్ ఆ బ్రాంచ్‌లో కమిట్ లేదని ఎర్రర్ ఇస్తుంది. కొన్నాళ్లకు సర్వర్ దాన్ని చెత్త కింద ఊడ్చేస్తే పూర్తిగా పోతుంది. డెవలపర్ మెషీన్‌లో డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పాత కాపీ ఉంటుంది కాబట్టి "నా దగ్గర వస్తోందే" అనే మాట కూడా తప్పకుండా వినిపిస్తుంది. ప్రతి రీబేస్‌కూ వెర్షన్ నంబరున్న కొత్త బ్రాంచ్ తెరవడం, రిలీజ్‌లో వాడిన ప్రతి కమిట్‌కూ ట్యాగ్ వేయడం, రిలీజ్ బ్రాంచ్‌లకు సర్వర్‌లోనే ఫోర్స్ పుష్ ఆపేయడం. ఈ మూడూ చేస్తే చాలు.

సొంత కోడ్ ఎన్ని ముక్కలు

కంపెనీ సొంత కోడ్‌ను ఎన్ని రిపోజిటరీలుగా పెట్టాలన్నది ఎక్కువ నష్టం చేసే నిర్ణయం. మైక్రోసర్వీసుల గాలి వీచిన రోజుల్లో ఎంబెడెడ్ టీములు కూడా ప్రతి డెమన్‌కూ (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌కూ) ఒక రిపోజిటరీ తెరిచేశాయి. ఎనిమిది మంది ఉన్న టీమ్‌కు ముప్పై రిపోజిటరీలు.

దీని బాధ రోజూ ఎదురవుతుంది. ఒక కొత్త సెన్సర్ చేర్చాలంటే కెర్నల్‌లో డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల ఫైలు) మారాలి, డెమన్ మారాలి, లైబ్రరీ హెడర్‌లో ఒక ఫీల్డ్ చేరాలి, లేయర్లో మూడు ఎస్‌ఆర్‌సీరెవ్‌లు మారాలి. అసలు ఇది ఒకే మార్పు, గిట్ దృష్టిలో మాత్రం నాలుగు రిపోజిటరీల్లో నాలుగు కమిట్లు. వాటన్నిటినీ కలిపి ఒకేసారి లోపలికి పంపే వీలు గిట్‌లో లేదు. గెరిట్‌లో అన్నిటికీ ఒకే టాపిక్ పేరు పెట్టి కలిపి సబ్మిట్ చేయవచ్చు గానీ, రెసిపీలోని హ్యాష్ మాత్రం కింది కమిట్ మెర్జ్ అయ్యాకే తెలుస్తుంది.

ముక్కలు చేయాల్సిన చోటు ఎక్కడంటే, కోడ్ బయటివాళ్ల దగ్గర్నుంచి వచ్చి అటువైపు నుంచి అప్‌డేట్లు వస్తూ ఉండే దగ్గర. అనుమతులు వేరే ఉండాల్సిన దగ్గర, అంటే ఎన్‌డీఏ (గోప్యతా ఒప్పందం) కింద వచ్చిన వీడియో కోడెక్ లేదా సైనింగ్ స్క్రిప్టుల లాంటివి. లైసెన్స్ వేరే అయిన దగ్గర. రెండు మూడు ప్రోడక్టులు నిజంగా పంచుకుంటూ, విడిగా రిలీజ్ అయ్యే లైబ్రరీ దగ్గర. మిగతా కోడ్ ఎప్పుడూ కలిసే మారుతుంటే కలిసే ఉండనివ్వాలి. ఒకే రిపోజిటరీ నుంచి నాలుగు రెసిపీలు కట్టుకోవచ్చు, దానికి బిట్‌బేక్ అడ్డు చెప్పదు. సొంత లేయర్‌నూ, ఒక్క ప్రోడక్ట్‌కే పనికొచ్చే అప్లికేషన్లనూ ఒకే రిపోజిటరీలో పెట్టి, కోడ్ మారిన చోటి నుంచే నేరుగా కట్టే ఎక్స్‌టర్నల్-ఎస్‌ఆర్‌సీ క్లాస్ వాడే టీములూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల ప్రకారం ఇది అంత శుద్ధమైన పద్ధతి కాదు, కానీ చిన్న టీముల్లో బాగా నడుస్తుంది.

అసలు ఇన్ని రిపోజిటరీలు తప్పవా అంటే, యోక్టో బదులు బిల్డ్‌రూట్ అనే బిల్డ్ టూల్ వాడేవాళ్లు తప్పుతాయనే అంటారు. అక్కడ రెసిపీలన్నీ ఒకే ట్రీలో ఉంటాయి. సొంతవి ఎక్స్‌టర్నల్ ఫోల్డర్‌లో ఉంటాయి. అంటే పిన్ చేయాల్సినవి రెండే. ఒకే బోర్డు, చిన్న ఇమేజ్, ప్యాకేజీల అప్‌డేట్ అవసరం లేదు అనుకుంటే యోక్టో లేయర్లతో కుస్తీ పట్టడం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. చిప్ కంపెనీ యోక్టో మాత్రమే ఇస్తే చాలామందికి ఆ ప్రశ్న అడిగే అవకాశం ఉండదు.

హ్యాష్ ఉంది, కోడ్ లేదు

అన్ని హ్యాష్‌లూ జాగ్రత్తగా రాసుకున్నారు. ఇంకో ప్రమాదం మిగిలే ఉంది, అది బయటినుంచి వస్తుంది. ఐ.ఎమ్‌ఎక్స్ కెర్నల్, యూ-బూట్ ఏళ్ల తరబడి కోడ్ అరోరా అనే సర్వర్‌లో ఉండేవి. 2023లో ఆ సర్వర్ మూతపడింది. ఎన్‌ఎక్స్‌పీ అప్పటికే తన రిపోజిటరీలను గిట్‌హబ్‌కు తరలించింది, హ్యాష్‌లు అవే. కానీ పాత మానిఫెస్ట్‌లు, పాత రెసిపీలు మూతపడ్డ అడ్రస్‌నే పట్టుకుని ఉన్నాయి. అప్పటికే అమ్మేసిన పరికరాలకు సెక్యూరిటీ ప్యాచ్ కట్టాలనుకున్నవాళ్లు ముందుగా అడ్రస్‌లు వెతుక్కోవాల్సి వచ్చింది.

అదే ఏడాది జనవరి 30న ఇంకో రకం దెబ్బ. గిట్‌హబ్ ఏ ట్యాగ్‌కైనా అప్పటికప్పుడు టార్‌బాల్ తయారుచేసి ఇస్తుంది. ఆ రోజు అక్కడి గిట్ వెర్షన్ మారడంతో, లోపలి ఫైళ్లు అవే అయినా కుదింపు పద్ధతి వేరై టార్‌బాల్ చెక్‌సమ్‌లు మారిపోయాయి. చెక్‌సమ్ చూసే ప్రతి బిల్డ్ సిస్టమ్‌లోనూ గగ్గోలు. కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. అలా అప్పటికప్పుడు పుట్టే టార్‌బాల్‌ను రెసిపీలో వాడితే యోక్టో ముందునుంచే హెచ్చరిక ఇస్తుంది. ప్రాజెక్టు వాళ్లు స్వయంగా అప్‌లోడ్ చేసిన రిలీజ్ టార్‌బాల్, లేదా గిట్ కమిట్ వాడుకోమంటుంది.

విరుగుడు మిర్రర్, అంటే కోడ్‌కు నకలు ఉంచే సర్వర్. బిట్‌బేక్ ఏదైనా సోర్స్ కోసం ముందు లోకల్ డౌన్‌లోడ్ ఫోల్డర్ చూస్తుంది, తర్వాత ప్రీమిర్రర్లు, ఆ తర్వాతే అసలు అడ్రస్, అదీ లేకపోతే మిర్రర్లు. కంపెనీ సర్వర్ ఒకదాన్ని ప్రీమిర్రర్‌గా పెట్టి, గిట్ క్లోన్లను కూడా టార్‌బాల్‌గా మార్చే సెట్టింగ్ ఆన్ చేస్తే రెండో రకం రిపోజిటరీలన్నీ అక్కడికి చేరతాయి. అది లేయర్లకు వర్తించదని గుర్తుంచుకోవాలి. వాటిని బిట్‌బేక్ తేదు కాబట్టి, వాటి కోసం కంపెనీ గిట్ సర్వర్‌లో విడిగా మిర్రర్లు పెట్టి, మానిఫెస్ట్ అడ్రస్‌లను అటు తిప్పాలి. చాలాచోట్ల మొదటి సగం చేసి రెండోది వదిలేస్తారు.

పిన్ చేసినవి పాతబడతాయి

ఇంతవరకూ చెప్పినదాన్ని అక్షరాలా పాటిస్తే ఇంకో గోతిలో పడే వీలుంది. హ్యాష్‌లన్నీ బిగించి, మిర్రర్ కట్టి, మూడేళ్లు ముట్టుకోకుండా వదిలేయడం. పిన్ చేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు వాటంతటవి రావు.

యోక్టోలో రెండేళ్లకో ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతున్న రిలీజ్) వస్తోంది: 2020లో డన్‌ఫెల్, 2022లో కిర్క్‌స్టోన్, 2024లో స్కార్త్‌గ్యాప్. ఒక్కోదానికి నాలుగేళ్ల మద్దతు. డన్‌ఫెల్‌కు మొదట రెండేళ్లే అన్నారు, తర్వాత పొడిగించారు. ఒకే ఎల్‌టీఎస్ బ్రాంచ్‌లో ముందుకు జరగడం పెద్ద కష్టం కాదు, అక్కడికి చేరేవి ఎక్కువగా దిద్దుబాట్లే. ఒక ఎల్‌టీఎస్ నుంచి ఇంకోదానికి దూకడమే అసలు పని. ప్రతి లేయర్ తాను ఏ రిలీజ్ పేర్లతో కుదురుతుందో తన కాన్ఫిగరేషన్‌లో రాస్తుంది, కుదరకపోతే బిట్‌బేక్ ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ పోవడానికి జాబితాలో కొత్త పేరు చేర్చేసి ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. యోక్టో 3.4లో ఓవర్‌రైడ్ సింటాక్స్‌లో (రెసిపీ సెట్టింగ్‌ను షరతు మీద మార్చే రాతలో) అండర్‌స్కోర్ పోయి కోలన్ వచ్చినప్పుడు అలా చేసినవాళ్లకు, పేరైతే కుదిరింది గానీ రెసిపీలు కుదరలేదు.

అప్‌డేట్ ఎంత తరచుగా చేయాలన్నదానికి ఒక పద్ధతి బాగా పనిచేస్తోంది. డెవలప్‌మెంట్ లైన్‌లో లేయర్ల హ్యాష్‌లను వారానికోసారి బ్రాంచ్ చివరికి జరిపే పని సీఐకి అప్పగించడం, బిల్డ్, బూట్ టెస్టులు పాసైతేనే ఆ మార్పును లోపలికి తీసుకోవడం. వారంలో చేరే కమిట్లు తక్కువే కాబట్టి ఏదైనా తేడా వస్తే కారణం పట్టుకోవచ్చు. ఏడాదికోసారి దూకే టీమ్‌కు ఆ సౌకర్యం ఉండదు.

యూరప్‌కు పరికరాలు అమ్మేవాళ్లకు ఇది ఇక ఇష్టాయిష్టాల విషయం కాదు. 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చిన సైబర్ రెజిలియెన్స్ యాక్ట్ ప్రకారం, దాడులకు వాడుకుంటున్న లోపాలను రిపోర్ట్ చేసే బాధ్యత 2026 సెప్టెంబరు 11 నుంచి, మిగతా ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. పరికరం ఆయుష్షు అంతకంటే తక్కువైతే తప్ప, కనీసం ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ భాగాల జాబితా, అంటే ఎస్‌బామ్, తయారుచేయాలి. యోక్టో దాన్ని ఎస్‌పీడీఎక్స్ అనే ప్రామాణిక రూపంలో తనే ఇస్తుంది. కానీ ఆ జాబితాలో ఉన్న ఇమేజ్‌ను మళ్లీ కట్టలేకపోతే అది ఉండి చేసేదేముంది?

మళ్లీ కట్టగలమా లేదా అన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. ఖాళీ మెషీన్, ఖాళీ డౌన్‌లోడ్ ఫోల్డర్. కంపెనీ మిర్రర్ తప్ప బయటి నెట్‌వర్క్ అంతా ఫైర్‌వాల్‌లో మూసేయాలి. ప్రీమిర్రర్ నుంచి మాత్రమే తెచ్చుకోమనే సెట్టింగ్ పెట్టి, రిలీజ్ మానిఫెస్ట్‌తో మొదటినుంచి కట్టాలి. తొలిసారి ఇది దాదాపు ఎప్పుడూ ఫెయిలవుతుంది. ముందు దొరికిపోయేవి సాధారణంగా, కట్టే మధ్యలో నెట్ నుంచి కోడ్ లాక్కునే సొంత అప్లికేషన్లే: కంపైల్ దశలో పిప్ ఇన్‌స్టాల్ నడిపే ఒక మేక్‌ఫైల్, సీమేక్ లోపల ఎక్కడో దాక్కున్న ఫెచ్-కంటెంట్, గో మాడ్యూల్స్, ఎన్‌పీఎమ్ డిపెండెన్సీలు. కిర్క్‌స్టోన్ నుంచి ఫెచ్ తప్ప మిగతా దశల్లో నెట్‌వర్క్‌ను బిట్‌బేక్ తనే ఆపేస్తుంది కాబట్టి వీటిలో చాలావరకు ఈపాటికే బయటపడి ఉండాలి. అయినా నెట్‌వర్క్ కావాలని రెసిపీలో ఒక ఫ్లాగ్ పెట్టి దాటేసినవి కొన్ని ఉంటాయి. ఆ ఫ్లాగ్ కోసం సొంత లేయర్లో ఒకసారి వెతికి చూస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.